ఎరువు బండ్లు

“ఎరువుసొమ్ము బరువుచేటు” అను సామెత నెఱుగని యిల్లాలు మనలో నుండదు. పెండ్లికి పోవుటకై పొరుగింటివారి కాసులపేరు తెచ్చి మెడలో వైచికొన్నది మొదలు, మరల దానిని వారి చేతిలో పెట్టువఱకును కంటికి నిద్ర రాదు. అందులో నొక కాసు పోయెనేని అప్పులపాలు కావలసినదే. ఐనను ఇచ్చిపుచ్చుకొనుట మానిన వీధి యెక్కడను లేదు. మానినచో అది వీధియే కాదు.

ఈ యిచ్చిపుచ్చుకొనుటలో మన పెద్దలు మూడు తెఱగుల నేర్పఱచి, మూడింటికిని మూడు పేళ్లు పెట్టినారు. కానుక యిచ్చినది తిరిగి రాదు, రావలెనని కోరరాదు. బదులు తెచ్చిన బియ్యమును వండుకొని తిందుము. తరువాత వేఱు బియ్యము అదే సోలతో కొలిచి యిత్తుము. ఎరువు తెచ్చిన గంగాళమును మాత్రము ఆ గంగాళముగనే తోమి, సొట్ట పడకుండ తిరిగి యొప్పగింపవలయును. ఈ భేదము మనకు ఉగ్గుపాలతో వచ్చినది గనుక, దీనిని నోటితో చెప్పుకొనుట కూడ మానివేసితిమి. చెప్పుకొనక పోవుటవలన వచ్చు చిక్కు ఎంతటిదో గడచిన సంవత్సరము మా యింట తెలియవచ్చినది. అదియు మా వంటయింటినుండి గాక, మా చిన్నవాని కంప్యూటరు ఆటనుండి తెలియవచ్చుట విచిత్రము.

మా చిన్నవాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. పొరుగింటి వదినగారి కుమారుడును వాడును ఒకటవ తరగతినుండి కలిసి పెరిగినవారు. ఆ పిల్లవాడు పై చదువునకు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు పోయినాడు. శనివారము రాత్రి మనకు తొమ్మిది గంటలగునప్పటికి అక్కడ ఉదయము పది గంటల ప్రాంతము. ఆ వేళకు ఇద్దరును ఒక ఆన్‌లైను ఆటలో కలిసికొందురు. ఆట యొక నెపము, మాటలు ముఖ్యము. హాస్టలు భోజనము, పరీక్షలు, ఊరి సంగతులు అన్నియు ఆ ఆట నడుమనే దొర్లుచుండును.

ధనుర్మాసములో నొక రాత్రి మావాడు అన్నము తినక లేచిపోయెను. ఏమని యడుగగా, తాను ఆరు నెలలు కష్టపడి ఆటలో సంపాదించిన సరకుల ఓడను స్నేహితుని కిచ్చితిననియు, వాడు దానిని ప్రమాదస్థలమునకు తీసికొనిపోయి దొంగలపాలు చేసెననియు, పది దినములైనను ఆ మాట తనతో చెప్పలేదనియు తెలిపెను. నేను నవ్వితిని. “బొమ్మ ఓడ పోతే అన్నం మానేస్తారటరా?” అంటిని. వాడు గది తలుపు వేసికొనెను. అంతటితో నూరకుండినను బాగుండెడిది. మఱునాడు పెరటిగోడ యొద్ద వదినగారితో, “మీవాడు మావాని ఓడ ముంచినాడట” అని వేళాకోళముగా నంటిని. కొడుకు కండ్లయెదుట లేని తల్లికి ఆ మాట వేళాకోళముగా తోచలేదు. “మావాడు ఒకరి సొమ్ము తినేవాడు కాడమ్మా” అని లోపలికి పోయినది. పండుగ దగ్గఱ పడుచున్నను మా రెండిండ్ల నడుమ మాట నిలిచిపోయెను.

ఈ సంగతి యంతయు విని మా అత్తగారు మనుమని పిలిచి ఒక్కటే ప్రశ్న యడిగిరి. “ఇచ్చేటప్పుడు ఏమని ఇచ్చావురా?”

“వాడుకో అన్నాను మామ్మా.”

“వాడుకో అంటే కానుకా, ఎరువా, బదులా?”

వాడు సమాధానము చెప్పలేకపోయెను. ఆమె వదలక, ఆ యాటలో ఇచ్చిపుచ్చుకొనుట యెట్లు జరుగునో మొదటినుండి చెప్పుమనెను. నేనును ప్రక్కన కూర్చుండి వింటిని. తరువాత నేను స్వయముగా చదివి తెలిసికొన్నదియు కలిపి, సోదరీమణుల కుపయోగించునని యిక్కడ వ్రాయుచున్నాను.

ఈ యాటలలో వేలకొలది జనులు వేఱువేఱు దేశములనుండి ఒకే కల్పితలోకమున ప్రవేశింతురు. అక్కడ పని చేసి, ఆ లోకపు నాణెమును సంపాదించి, దానితో కార్లు, ఓడలు, విమానములు కొందురు. ఆ వస్తువు చేతికి తగులునది గాదు, నిజమే. కాని దానికై ధారపోసిన గంటలు మాత్రము నిజమైనవి. మనము పండుగకు వేసిన ముగ్గు సాయంకాలమునకు చెఱగిపోవును. అంతమాత్రమున దానిని త్రొక్కుచు పోయినవానిని చూచి మనకు కష్టము కలుగక మానదు గదా!

కొన్ని ఆటలలో ఎరువిచ్చుటకు తగిన కట్టుబాట్లను ఆట చేసినవారే యేర్పఱచియుంచిరి. ఉదాహరణమునకు “గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైను” అనునది 2013 అక్టోబరు 1వ తేదీన మొదలైనది. లాస్ ఏంజెలెసు నగరమును పోలిన లాస్ సాంటోసు అను కల్పితనగరము అందు కలదు. ఆడువాడు కారు కొని తన గ్యారేజిలో నుంచుకొనును. అందులో అడ్డర్ అను కారు వెల ఆ యాటనాణెములో 10,00,000 డాలర్లు. ఆ కారులోనికి ఎవరు ఎక్కవచ్చునో నిర్ణయించు అధికారము యజమానునిదే. ఎవరును ఎక్కరాదనవచ్చును, స్నేహితులు మాత్రమే యనవచ్చును, తన జట్టువారనవచ్చును, అందఱును ఎక్కవచ్చు ననవచ్చును, లేదా ప్రక్కన కూర్చుండవచ్చునే గాని నడుపరాదని కూడ చెప్పవచ్చును.

స్నేహితుడు ఎంత దూరము నడిపినను ఆ కారు యజమానుని పేరుననే యుండును. నడిపినవాని గ్యారేజిలో చేరదు. అది ధ్వంసమైనచో, బీమా చేయించియున్న యెడల, ఆటలోని టెలిఫోనులో బీమా కంపెనీకి చెప్పి రుసుము చెల్లించి కారును తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇతరుల కార్లను పనిపెట్టుకొని ధ్వంసము చేయువానిని “చెడ్డ ఆటగాడు” అని వేఱుచేసి, తనవంటివారి నడుమకు త్రోసి, తలపై వెఱ్ఱివాని టోపీ కూడ పెట్టుదురు. తప్పు చేసిన పిల్లవానిని బడిలో గోడకుర్చీ వేయించుట మనకు జ్ఞప్తికి రాకమానదు. ఇంతయు చూడగా ఇది అచ్చముగా ఎరువు. గంగాళము మీద పేరు చెక్కించి యిచ్చినట్లే. ఎవరింట నున్నను ఎవరిదో తెలియును.

ఇక్కడ నొక మాట చెప్పి ముందునకు పోయెదను. ఈ యాట నేరములు, తుపాకులు నిండినది. ఐరోపాలో 18 సంవత్సరములు నిండినవారికనియు, అమెరికాలో 17 సంవత్సరములు నిండినవారికనియు దాని పెట్టెమీదనే ముద్రించియుండును. పదేండ్ల పిల్లవాడు దీనిని ఆడుచున్నచో, కారు ఎవరికి ఎరువిచ్చెనన్న ప్రశ్నకు ముందు, ఈ యాట వాని చేతి కెట్లు వచ్చెనన్న ప్రశ్న తల్లి వేయవలయును.

మా వాడాడు ఆట వేఱు. దాని పేరు “ఈవ్ ఆన్‌లైను”. ఐస్‌లాండు దేశమున రేక్యావికు నగరమందలి సీసీపీ యను కంపెనీ దీనిని 2003 మే నెలలో ప్రారంభించినది. వేలకొలది నక్షత్రమండలములు గల అంతరిక్షమున ఆడువారు ఓడలు నడుపుచు, గనులు త్రవ్వుచు, ఒకచోట చౌకగా కొని మఱియొకచోట అమ్ముచు, కలహించుచు నుందురు. అచటి ప్రదేశములకు భద్రతను బట్టి అంకెలు కలవు. భద్రత గలచోట రక్షకభటులు ఉందురు. వారు దొంగను శిక్షింతురే కాని దొంగతనమును ముందుగా ఆపజాలరు. భద్రత లేనిచోట భటులే యుండరు. ఓడ ఒకమారు పగిలినదా, ఆ యోడ పోయినట్లే. బీమా యున్నను వెలలో కొంత భాగము వచ్చును. లోపలి సరకు పోవును. పగిలిన కళేబరములో మిగిలినది దోచినవానిది.

ఇట్టి యాటలో స్నేహితునికి ఓడను చేతి కిచ్చినచో అది ఆ క్షణముననే వాని పేరునకు మాఱిపోవును. పేరు చెక్కిన గంగాళము కాదిది. ఎరువని మనసులో ననుకొన్నను, ఆట దృష్టిలో అది దానమే. తిరిగి యిమ్మని నిర్బంధించు కట్టుబాటు లేదు. మాట తప్పి తీసికొన్నదానిని కంపెనీ సాధారణముగా తిరిగి యిప్పింపదు. మోసము కూడ ఆ లోకపు ఆటలో నొక భాగమని వారు విడిచినారు. కావున అక్కడ ఎరువునకు హామీ, తీసికొన్నవాని మాట యొక్కటే.

ఈ మాటమీద అక్కడ ఎంత కట్టడము నిలిచినదో వినిన ఆశ్చర్యము కలుగును. ఆడువారు వందలు, వేలుగా చేరి సంఘములు పెట్టుకొందురు. సంఘమునకు ఉమ్మడి కొట్లుండును. ఏ కొట్టు ఎవరు చూడవచ్చును, ఎవరు అందులోనిది తీయవచ్చును అనునది, ఉమ్మడి కుటుంబములో తాళపుచెవుల గుత్తి పంచినట్లు పంచుదురు. క్రొత్తగా చేరినవారికి చిన్న ఓడలు ఊరకనే యిచ్చు సంఘములు కలవు, అవి కానుకలు. సంఘము పిలిచిన యుద్ధమునకు పోయి ఓడ పోగొట్టుకొన్నవానికి సంఘపు ధనమునుండి మఱియొక ఓడను గాని, దాని వెలను గాని యిత్తురు, అది బదులు. ఒకని సరకును మఱియొకడు మోసికొని పోవు బేరములో, మోయువాడు ముందుగా ధరావతు కట్టునట్టి ఏర్పాటును కూడ ఆటలో నుంచిరి. సరకు చేరలేదా, ధరావతు సరకు యజమానునిది. ఇది మన తాకట్టు పద్ధతియే.

2014 జనవరి 27, 28 తేదీలలో ఈ యాటలో నొక మహాయుద్ధము జరిగినది. ఒక సంఘము తన యధీనమందలి ప్రదేశమునకు కట్టవలసిన సుంకము గడువునకు కట్టబడకపోవుటయే దానికి మూలకారణము. ఇంటి అద్దె కట్టుట మఱచిపోయినట్టి పొరపాటు! సుమారు 21 గంటలు జరిగిన ఆ పోరులో ఏడువేలకు పైబడిన ఆటగాండ్రు పాల్గొనిరి. టైటాన్లను మహానౌకలు 75 పగిలిపోయినవి. ఆ నష్టము నిజమైన ధనముగా లెక్కించినచో మూడు లక్షల అమెరికా డాలర్లకు తక్కువ యుండదని అప్పుడు అంచనా వేసిరి. ఆ పగిలిన ఓడల శిథిలములను కంపెనీవారు జ్ఞాపకచిహ్నముగా ఆటలో నిలిపినారు.

నమ్మకము నిలిపినట్లే కూల్చిన కథలును కలవు. 2005లో నొక కూలిసంఘమువారు మఱియొక సంఘములోనికి స్నేహితులవలె చేరి, సుమారొక సంవత్సరము సేవచేసి, కొట్ల తాళములు సంపాదించి, ఒకే సమయమున అన్ని కొట్లు దోచిరి. ఆ సంఘాధిపతి ప్రియముగా దాచుకొన్న అరుదైన ఓడను పగులగొట్టిరి. ఆట నియమములలో నిది నేరము కాదు. కాని సంవత్సరము పొడవున తమతో నవ్వుచు మాటలాడినవాని చేతిలో దెబ్బతిన్న మనుష్యులకు అది ఆటగా తోచియుండునా?

ఈ సంగతు లన్నియు వినిన పిదప మా అత్తగారు, “అయితే నీ స్నేహితుడు దొంగ అని ఎలా అన్నావురా? అడిగావా?” అనిరి. వాడు అడుగలేదు. ఓడ పోయిన సంగతి మూడవవానివలన తెలిసినది. అంతట మనసు విఱుచుకొనెను. ఆ శనివారము మామ్మ యెదుటనే వాడు స్నేహితుని పిలిచి యడిగెను.

అవతలి పిల్లవాని మాట నేను కూడ వింటిని. “నువ్వు వాడుకో అన్నావు. నాకు ఇచ్చేశావనుకున్నాను. పోయినందుకు సిగ్గై చెప్పలేదు. నువ్వు తిరిగి అడుగుతావని తెలిస్తే ఆ దారిన వెళ్లేవాణ్ణే కాదు” అని వాడు బ్రతిమాలుకొనెను. ఇచ్చినవాడు ఎరువనుకొనెను, పుచ్చుకొన్నవాడు కానుకనుకొనెను. ఇద్దఱిలో దొంగ యెవడును లేడు. ఐనను ఒక్క మాట ముందుగా చెప్పుకొననందున పదునైదేండ్ల స్నేహము తెగిపోవుట కొక శనివారము మాత్రము మిగిలియుండెను.

మా అత్తగారు దానిని బదులుగా తీర్చుమనిరి. ఓడ వెలలో సగము మాత్రమే ఆ పిల్లవాడు కొంచెము కొంచెముగా సంపాదించి యిచ్చుట, మిగిలిన సగము చెప్పక యిచ్చినందుకు మావాడు భరించుట అని తీర్పు. సంక్రాంతి దాటిన కొన్ని వారములకు ఆ లెక్క తీఱినది. ఇప్పుడు వారిద్దఱును ఏ వస్తువు చేతులు మాఱినను ముందుగా “ఎరువు” అనియో, “కానుక” అనియో, “బదులు” అనియో తెరమీద వ్రాసికొనుచున్నారట. ఆ మూడు మాటలు నేర్చుకొని వారి పంజాబీ మిత్రుడొకడు కూడ వాడుచున్నాడని విని మా అత్తగారు పొంగిపోయిరి.

మన పిల్లల విషయమున నేను నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పి ముగించెదను.

ఇచ్చునప్పుడే పేరు పెట్టి యిమ్మని పిల్లలకు నేర్పవలయును. ఎప్పటికి తిరిగి యీయవలయునో, పోయినచో ఎవరు భరింపవలయునో ముందే అనుకొన్న స్నేహము చెడదు. అడుగుటకు సిగ్గుపడువాడు తరువాత నిందించుటకు అర్హుడు గాడు.

పోయినను ఓర్చుకొనగలిగిన దానినే ఎరువియ్యవలయును. ఈవ్ ఆటగాండ్రలో, పోగొట్టుకొనుటకు సిద్ధపడని ఓడను నడుపనే రాదన్నది పెద్దలు క్రొత్తవారికి చెప్పు మొదటి పాఠము. మన యింటి నగల విషయమునను అది తగినదే.

బండి నియ్యవచ్చును గాని ఇంటి తాళము నియ్యరాదు. ఇది అన్నిటికంటె ముఖ్యము. కారు నెరువిచ్చుటకు ఆట ఒప్పుకొననప్పుడు, అనేకులు పిల్లలు తమ ఖాతా పేరును, పాస్‌వర్డును స్నేహితుని కిచ్చి “నా పేరున ఆడుకో” మనుచున్నారు. చాల ఆటల నియమములు దీనిని నిషేధించినవి. పట్టుబడినచో ఖాతాయే పోవచ్చును. అంతకంటె భయంకరమైనది, ఆ ఖాతాతో తల్లిదండ్రుల బ్యాంకు కార్డు ముడిపడి యుండుట. అప్పుడు పోవునది ఆటనాణెము గాదు, పాలవానికి, కిరాణాకొట్టునకు ఈయవలసిన రూపాయలు. స్నేహితుడు మంచివాడే కావచ్చును. వాని ఫోను చేతికి తీసికొన్న మఱియొకడు ఎట్టివాడో ఎవరికి తెలియును? ఓటీపీ అడిగినవాడు ఎంత చనవుగలవాడైనను చెప్పరాదని పిల్లవానికి పదే పదే చెప్పుచుండవలయును.

కడపటి మాట తల్లులకు. పిల్లవాడు తెరమీది వస్తువునకై యేడ్చినప్పుడు నవ్వకుడు. వాడు ఏడ్చుట ఆ బొమ్మకై కాకపోవచ్చును. నేను నవ్వినందున వాడు నాతో చెప్పవలసిన సగము మాట చెప్పక తలుపు వేసికొనెను. ఆ మిగిలిన సగమును మా అత్తగారు ఒక ప్రశ్నతో రాబట్టిరి.

వదినగారి మాట చెప్పుట మఱచితిని. పిల్లలు రాజీపడిన మఱునాడు పండుగ పిండివంటలకై అటుకమీదినుండి బూరెల మూకుడు దింపితిని. తోముచుండగా జ్ఞప్తికి వచ్చినది: అది మాది గాదు. రెండేండ్ల క్రిందట మా పెద్దదాని సీమంతమునకు వదినగారింటినుండి తెచ్చినది. ఎరువో, కానుకయో నేను చెప్పలేదు. ఆమెయు ఏనాడును అడుగలేదు. దానిని చింతపండుతో మెఱయ తోమి, అందులో మొదటి వాయి బూరెలు పెట్టుకొని, పెరటిగోడ మీదుగా గాక వీధిగుమ్మమున పోయి యిచ్చి వచ్చితిని.